పెద్దాయనకి రెండు గొంతులు: ఒక డబ్బింగ్ కేస్ స్టడీ

"మందులమ్ముకునేవాడి గొంతా అది?" అని మా అత్తగారు అడిగిన ఒక్క ప్రశ్నకి నాకు ఎనిమిది రోజుల పని, జేబులోంచి కొంత డబ్బు, ఒక సీనియర్ ఆర్టిస్టు ముందు నోరెండిపోయిన అరగంట ఖర్చయ్యాయి. అదంతా ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఈ పనిలో కొత్తగా వచ్చేవాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ "బేస్ (గొంతులో కింది బరువు) పెంచుకోవడం ఎలా అన్నా?" అనే.

నేను డబ్బింగ్ డైరెక్టర్‌ని. వేరే భాషలో తీసిన సిరీస్ తెలుగులోకి వస్తుంటే ఏ మొహానికి ఎవరి గొంతు పెట్టాలి, ఏ మాట ఏ పెదవి కదలిక మీద పడాలి, ఆర్టిస్టు ఎక్కడ ఊపిరి తీసుకోవాలి అని కన్సోల్ పక్కన కూర్చుని బుర్ర పాడుచేసుకునే పని. కృష్ణానగర్‌లో ఒక చిన్న డబ్బింగ్ థియేటర్‌లో మొదలుపెట్టాను, ఇప్పటికీ ఎక్కువగా ఆ చుట్టుపక్కలే.

కేసు ఇదీ. ఎనిమిది ఎపిసోడ్ల మలయాళం క్రైమ్ సిరీస్. పేరు చెప్పను, కాంట్రాక్టులో చెప్పొద్దని ఉంది. కేరళలో నీళ్ళ ఒడ్డున ఒక చిన్న ఊరు, ఒక కాలేజీ అమ్మాయి కనబడకుండా పోతుంది. ఆ ఊళ్ళో ఆయుర్వేదం మందుల కొట్టు నడిపే పెద్దాయన ఒకడున్నాడు, అరవై దాటిన మనిషి, అందరికీ సాయం చేస్తాడు, పోలీసులకి టీ పోయిస్తాడు, అమ్మాయి తల్లిని కూర్చోబెట్టి కషాయం తాగిస్తాడు. ఆరో ఎపిసోడ్ చివర్లో తెలుస్తుంది, చేసింది ఆయనేనని. అప్పటిదాకా చూసేవాళ్ళకి ఆయన మీద అనుమానం రాకూడదు, వచ్చినా "ఛ, ఈయనెందుకు చేస్తాడులే" అనిపించాలి. సిరీస్ మొత్తం దాని మీదే నిలబడి ఉంది.

ఒరిజినల్‌లో ఆ పాత్ర చేసినాయన గొంతు సన్నగా, జీరగా ఉంటుంది. వాక్యం మొదట్లో మాట బాగానే వినిపిస్తుంది, చివరికొచ్చేసరికి సగం గాలే మిగులుతుంది.

క్లయింట్ పంపిన వాయిస్ బ్రీఫ్‌లో మాత్రం ఈ సంగతేమీ లేదు. వయసు మళ్ళిన, గంభీరమైన, లోపల భయం పుట్టించే గొంతు కావాలి అని ఉంది. కథ చివరిదాకా తెలిసినవాళ్ళు రాసిన బ్రీఫ్ అది. చివర్లో బయటపడేదాన్ని గొంతులో ముందే పెట్టమన్నారన్నమాట. నాకది అప్పుడు తట్టలేదు. "గంభీరమైన" అన్న మాట కనబడగానే ఒకే ఒక్క మనిషి గుర్తొచ్చాడు, నేను అన్నా అని పిలిచే సీనియర్. ఖంగుమనే గొంతు, మైక్ ముందు నిలబడి "ఊ" అంటే గ్లాసులో నీళ్ళు కదులుతాయి. ఫోన్ చేశాను, వచ్చాడు, రెండు రోజుల్లో మొదటి రెండు ఎపిసోడ్లు చెప్పేశాడు. ఒక్క లూప్‌కి కూడా నాలుగో టేక్ పోలేదు.

(లూప్ అంటే తెలియనివాళ్ళకి: ఒకప్పుడు సీనుని ముక్కలు చేసి, ఫిల్మ్ ముక్క రెండు కొసలూ అతికించి, అదే మళ్ళీ మళ్ళీ తిరిగేలా వేసి డైలాగ్ చెప్పించేవాళ్ళు. ఇప్పుడు ఫిల్మూ లేదు, తిప్పేదీ లేదు, పేరు మాత్రం మిగిలింది.)

తప్పు మొత్తం క్లయింట్ మీద తోసేయలేను. బరువైన గొంతు వింటే విలన్ అనుకోవడం తెలుగు చెవికి బాగా అలవాటైపోయింది, నా చెవి కూడా అదే. 2009లో 'అరుంధతి' వచ్చినప్పుడు పశుపతి పాత్రలో కనబడింది సోనూ సూద్, వినబడింది పి. రవిశంకర్. ఇద్దరు మనుషులు కలిసి చేసిన ఒక పాత్ర అది. "వదల బొమ్మాళీ" అని పిల్లలు ఆటల్లో అనుకున్నప్పుడు వాళ్ళు అనుకరించింది ఆ మొహాన్ని కాదు, ఆ 'వదల'లో గొంతు కింద నుంచి పైకి లాగిన తీరుని. రవిశంకర్‌కి దానికి నంది వచ్చింది. ఆయన అన్న సాయికుమార్ అంతకు ముందే 'అంకుశం'లో రాజశేఖర్‌కి డబ్బింగ్ చెప్పి ఒక పోలీసాఫీసర్‌ని తయారుచేశాడు. 1996లో 'పోలీస్ స్టోరీ'లో తనే యూనిఫాం వేసుకుని తెర మీదకొచ్చేసరికి జనానికి ఆ గొంతు కొత్త కాదు, హీరోగా ఆ మొహమే కొత్త. వాళ్ళ నాన్న పీజే శర్మ కూడా నటుడు, డబ్బింగ్ చెప్పిన మనిషే. ఒక ఇంటి నుంచి వచ్చిన గొంతులు తెలుగువాళ్ళ కోపం ఎలా వినబడాలో నేర్పాయి అంటే నేను ఒప్పుకుంటాను. వాళ్ళ తర్వాత వచ్చిన మేమందరం ఆ కోపాన్నే కాపీ కొడుతూ, మెల్లగా మాట్లాడాల్సిన చోట్ల కూడా అదే వాడేయడంతోనే గొడవ.

అత్తగారి సంగతికి వస్తాను. రెండో ఎపిసోడ్ అయిన రాత్రి మా డైలాగ్ ట్రాక్ ఫోన్‌లో వేసుకుని ఇంటికెళ్ళాను, తప్పులేమైనా దొరుకుతాయేమో వినడానికి. (తీసుకెళ్ళకూడదు, తెలుసు. పిక్చర్ లేదు, మ్యూజిక్ లేదు, ఉత్త మాటలు.) ఆవిడ పక్కన చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. పావుగంట విన్నాక అడిగారు, "ఆ పిల్లని ఈ మందుల కొట్టాయనే చంపాడు కదూ?"

ఏళ్ళ తరబడి సీరియళ్ళు చూస్తున్న మనిషి, ఊహించేశారులే అని సర్దుకోబోయాను. ఎందుకనిపించింది అత్తయ్యా అంటే, "మందులమ్ముకునేవాడి గొంతా అది? జబ్బుతో వచ్చినవాళ్ళు ఆ గొంతు వింటే గుమ్మం దగ్గర్నుంచే వెళ్ళిపోరూ" అన్నారు.

పొద్దున్నే స్టూడియోకి వెళ్ళి పైలట్ ట్రాక్ (ఒరిజినల్ మాటలున్న ట్రాక్) పెట్టుకుని మొదటి రెండు ఎపిసోడ్లు మళ్ళీ చూశాను, ఈసారి మలయాళంలో, ఆయన ఉన్న సీన్లు మాత్రమే. అంతకుముందు పెదాలు చూశాను కానీ మనిషిని చూడలేదని అప్పుడర్థమైంది. రెండో ఎపిసోడ్‌లో ఎస్సై కొట్టుకి వస్తాడు. పెద్దాయన కల్వంలో ఏదో నూరుతూ తలెత్తకుండా సమాధానం చెబుతాడు. ఎస్సై కౌంటర్ మీద చెయ్యి పెట్టి, మెడ ముందుకు చాచి వింటాడు. అమ్మాయి తల్లి కూడా అంతే, ఆయన మాట్లాడుతుంటే కుర్చీ ముందుకు జరుపుకుంటుంది. ఆ గొంతు వినబడదు కాబట్టి ఊరంతా ఆయన వైపు వంగుతుంది. డైరెక్టర్ దాన్ని కెమెరాతో పట్టుకున్నాడు. మా వెర్షన్‌లో అన్న గొంతు గది నాలుగు మూలలా మోగుతుంటే ఎస్సై ఎందుకు వంగుతున్నాడో తెలియదు, మెడ పట్టేసినవాడిలా ఉన్నాడు. క్యూసీలో, అంటే క్వాలిటీ చెక్‌లో, ఇది ఎవరూ పట్టుకోలేదు, ఎందుకంటే లిప్ సింక్ పక్కాగా ఉంది.

ఇంకొకటి, ఇది పూర్తిగా మన భాషకి సంబంధించిన గొడవ. తెలుగు అజంత భాష అని చిన్నప్పుడు చదువుకున్నాం కదా, దాదాపు ప్రతి మాటా అచ్చుతో ముగుస్తుంది. మలయాళంలో అవన్, అవళ్, అవర్ అని నాలుక దగ్గర మాట కట్ అయిపోతుంది. మనకి వాడు, ఆమె, వాళ్ళు. నోరు తెరుచుకునే ఉంటుంది. బేస్ గొంతు ఎక్కడ మోగుతుందంటే ఆ చివరి అచ్చులోనే మోగుతుంది. "వస్తాడు" అనే మాటలో 'డు' దగ్గర మా అన్న ఒక చిన్న గుడిగంట కట్టి వదులుతాడు, అది ఆయన గొప్పతనం, దాని కోసమే ఆయన్ని పిలుస్తారు. కానీ వాక్యం చివర క్రియ ఉండే భాషలో, ఆ క్రియ చివర అచ్చు ఉండే భాషలో, ఆ అచ్చు మోగిందంటే మాట్లాడినవాడికి తను అన్నదాని మీద తిరుగులేని నమ్మకం ఉన్నట్టు. మా పెద్దాయన ఒరిజినల్‌లో ప్రతి వాక్యాన్నీ సందేహంలో వదిలేస్తాడు. ఆ వదిలేయడమే ఆయన ముసుగు.

మాటలు కూడా గొంతుని బట్టే పడ్డాయి, ఇది నన్ను ఎక్కువ భయపెట్టింది. మూడో ఎపిసోడ్‌లో, శవం దొరికిన మర్నాడు, ఆయన తల్లి దగ్గరికొచ్చి "ఊణు కళిచ్చో?" అంటాడు. అన్నం తిన్నావా అని. మా స్క్రిప్టులో "భోజనం చేశారా?" అని ఉంది. రాసిన కుర్రాడు మంచి రైటరే, ఎందుకలా రాశావని అడిగితే, "అన్న గొంతు చెవిలో పెట్టుకుని రాశాను సార్, ఆ గొంతుకి 'తిన్నావా' అతకలేదు" అన్నాడు. నిజమే. ఆ గొంతుతో కూతురు పోయిన ఆడమనిషిని "భోజనం చేశారా?" అని గౌరవంగా అడిగితే వెనక కత్తి ఉన్నట్టే ఉంటుంది. మర్యాద ఎక్కువైన విలన్ మనకి బాగా తెలుసు. "అన్నం తిన్నావా?" అంటే ఊ-ణు-క-ళి-చ్చో లాగే ఐదక్షరాలు, చివర నోరు తెరుచుకునే ఉంటుంది, పెదాలకి కూడా ఇదే బాగా కూర్చుంటుంది. పెదాలకి కుదిరిన మాటని గొంతు పడనివ్వలేదు.

అన్నకి చెప్పడం గురించి ఎక్కువ రాయను. టీ తాగుదాం రమ్మని పిలిచాను, రెండు టీలు అయ్యాక కూడా విషయం నోట్లోంచి రాలేదు. చివరికి ఆయనే, "తీసేస్తున్నావా నన్ను?" అన్నాడు. పేమెంట్ పూర్తిగా ఇస్తానని, తప్పు నాదని చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, ఎస్సై మెడ చాచే సీను నా ఫోన్‌లో మళ్ళీ విని, "నా గొంతులో అమాయకత్వం లేదురా, పెళ్ళి చూపులకి వెళ్తే మా మామగారే భయపడ్డాడు" అని నవ్వి, క్రౌడ్ డబ్బింగ్‌కి (గుంపు సీన్లలో వెనక వినబడే గొంతులకి) అప్పుడప్పుడూ వచ్చే ఒక పెద్దమనిషి గురించి చెప్పాడు. ఆ క్రౌడ్‌లో "అయ్యో పాపం" అనే గొంతుల్లో ఒకటి ఆయనదట. అలాంటి మాట చెప్పడానికి ఎంత మనసు కావాలో ఈ లైన్‌లో ఉన్నవాళ్ళకి తెలుసు.

ఆ పెద్దమనిషిని పిలవకముందు మరో ముగ్గురికి వాయిస్ టెస్ట్ చేశాను. మొదటతను మిమిక్రీ చేస్తాడు. ఒరిజినల్ ఆర్టిస్టు జీరని అచ్చు గుద్దినట్టు దింపాడు, నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పన్నెండో లూప్‌కి గొంతు పట్టేసింది. అనుకరించిన జీర గొంతుని గట్టిగా నొక్కితే వస్తుంది, అసలు జీర గాలి కారిపోతే వస్తుంది. ఒకటి బిగుతు, ఒకటి వదులు. చెవికి రెండూ ఒకేలా ఉన్నా, ఒక నిమిషం పైన వింటే మొదటి దాంట్లో శ్రమ తెలిసిపోతుంది. ఇక్కడ నాకెప్పుడూ బాలసుబ్రహ్మణ్యం గారు గుర్తొస్తారు. 'దశావతారం' తెలుగులో కమల్ పది పాత్రల్లో ఏడింటికి ఆయన చెప్పారు. కమల్ గొంతు ఆయన దింపలేదు, కమల్ ఊపిరి దింపారు. పాటల్లో అంత పరిచయమైన గొంతు కూడా ఆ సినిమాలో కమల్ గొంతైపోవడానికి అదే కారణమని నా నమ్మకం.

రెండో అతను నలభై ఏళ్ళవాడు, ముసలి గొంతు చేశాడు. మా ఫీల్డులో ముసలితనం అంటే దగ్గు, వణుకు, కింది స్థాయి. నిజానికి మగవాళ్ళ గొంతు నడివయసుదాకా దిగుతూ వచ్చి, అరవై దాటాక స్వరతంత్రులు పలచబడేకొద్దీ మళ్ళీ కాస్త పైకి ఎక్కుతుంది, సన్నబడుతుంది. మీ తాతగారిని గుర్తు చేసుకోండి, బరువుగా మాట్లాడేవారా? మూడో అతనికి అన్నీ ఉన్నాయి, డేట్లు లేవు.

అన్న చెప్పిన పెద్దమనిషి వచ్చారు. అరవై ఒకటి. ఒకప్పుడు ఆకాశవాణి నాటకాల్లో చెప్పినవారు, బి హై గ్రేడ్ ఆర్టిస్టుని అని ఆ మాట కొంచెం నిటారుగా కూర్చుని చెప్పారు. "అన్నం తిన్నావా?" అని ఒక్క ముక్క చెప్పమన్నాను, పిక్చర్ లేకుండా. చెప్పారు. 'తిన్నావా'లో చివరి 'వా' సగంలో ఆగిపోయి మిగతాది ఊపిరైపోయింది. కన్సోల్ దగ్గర మా ఇంజనీరు ఫేడర్ కొంచెం పైకి జరిపాడు, బాగా వినబడాలని. అంటే వాడు కూడా ముందుకి వంగాడు.

ఆ క్షణంలో సెలెక్ట్ చేసేశాను గానీ, తర్వాత ఐదు రోజులు ఆయనతో పడిన పాట్లు వేరే లెవెల్. రేడియోలో కాగితం చూసి చెబుతారు, తెర ఉండదు. ఆయనకి తెర చూస్తే కాగితం పోతుంది, కాగితం చూస్తే తెర పోతుంది. ప, బ, మ దగ్గర పెదాలు మూసుకోవడం కలవాలని చెబితే, "పెదాలు నావా ఆయనవా?" అన్నారు. పైగా రేడియో అలవాటు, దూరం నుంచి వస్తున్న మనిషిలా వినిపించాలంటే మైక్‌కి రెండడుగులు వెనక్కెళ్ళి మాట్లాడుతూ ముందుకొస్తారు. అది మిక్సింగ్‌లో చేసుకుంటాం సార్, మీరు కదలొద్దు అని రోజుకి పదిసార్లు చెప్పాను. చివరికి ఒక పద్ధతి కుదిరింది. స్క్రిప్ట్ పెద్దక్షరాల్లో ప్రింట్ తీశాం. ప్రతి లూప్ మూడుసార్లు పైలట్ వినిపించి, తర్వాత తెర వైపు చూడొద్దని చెప్పి, నేను పక్కన నిలబడి ఆయన భుజం మీద వేలితో తట్టేవాణ్ణి. తట్టగానే మొదలు. మిగిలిన తేడా ఇంజనీరు ఫ్రేముల్లో జరిపాడు. సెకనుకి 25 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు. దూరం షాట్‌లో రెండు ఫ్రేములు అటూ ఇటూ అయినా కంటికి తెలియదు, క్లోజప్‌లో ఒక్కటి కూడా తెలిసిపోతుంది.

మైక్ దూరం కూడా మార్చాం. అన్నకి మైక్ జానెడు దూరంలో ఉండేది. ఆ రకం మైక్‌కి దగ్గరికెళ్ళేకొద్దీ కింది ఫ్రీక్వెన్సీలు ఉబ్బుతాయి, బేస్ కావాలనుకునేవాళ్ళందరూ దాన్ని ముద్దు పెట్టుకునేంత దగ్గరికి పోయేది అందుకే. ఈయనకి మూరెడు దూరం పెట్టాం. గొంతు పక్కన గది కొంచెం వినబడింది, మనిషి కొంచెం ఒంటరిగా అయ్యాడు.

స్క్రిప్టు మొత్తం మళ్ళీ రాశాం. ఆయన ఊపిరి ఏడెనిమిది మాటల కంటే ఎక్కువ దూరం పోదు. పొడుగు వాక్యాల్ని రెండు చేశాం, రెండో ముక్కని చాలాచోట్ల సగంలో వదిలేశాం. 'గారు'లు తీసేసి తల్లీ, నాయనా పెట్టాం. యాస పెడదామా అన్న మాట వచ్చింది, ఆయనది తూర్పు గోదావరి, సహజంగా బాగుండేది. నేను వద్దన్నాను. ఆ కొబ్బరి చెట్లు, ఆ నీళ్ళు చూసి కోనసీమ అనుకోవడం తేలికే, కానీ ఆ మనిషి కేరళవాడు, కోనసీమ యాస పడిందంటే 'ముత్యాల ముగ్గు' కాంట్రాక్టర్ వచ్చి కూర్చుంటాడు. 1975 నుంచి ఆ యాసలో తీరిగ్గా మాట్లాడే పెద్దమనిషి ఎవరైనా సరే రావు గోపాలరావు గారి నీడలోంచే రావాలి. మళ్ళీ మొదటికే.

ఇక 'స' సంగతి. మా రేడియో ఆయనకి కట్టుడు పళ్ళు. స అన్నప్పుడల్లా చిన్న ఈల వస్తుంది. ఇంజనీరు అలవాటుగా డీ-ఎస్సర్ (స శబ్దాల్లో ఈలని తగ్గించే టూల్) వేసి నొక్కేయబోయాడు. ఆగు అన్నాను. ఆరో ఎపిసోడ్‌లో కేసు తేలేది ఒక ఫోన్ రికార్డింగ్ మీద, అందులో అవతలివాడు ఒక్క మాటే అంటాడు, "శరి". మనకి అదే "సరే". ఒరిజినల్‌లో ఎస్సై ఆ గాలి గొంతుని గుర్తుపడతాడు. మాకు గాలితో పాటు ఒక ఈల కూడా దొరికింది, ఉచితంగా! కానీ అది పని చేయాలంటే ముందు ఐదు ఎపిసోడ్లలో జనం చెవిలో ఆ సరే పడి ఉండాలి. పాత స్క్రిప్టు చూస్తే, మలయాళంలో 'శరి' వచ్చిన ప్రతిచోటా మనవాడు విసుగు రాకూడదని అలాగే, మంచిది, ఊ, కానీండి అని మార్చి మార్చి రాశాడు. అన్నీ కొట్టేసి సరే పెట్టాం. క్లయింట్ తరఫు లాంగ్వేజ్ సూపర్‌వైజర్ అభ్యంతరం చెప్పారు, ఈల ఒరిజినల్‌లో లేదు కదా అని. అది నిజం. ఒరిజినల్‌లో లేనిది కలపకూడదన్నది నా నియమం కూడా. అయితే నేను కలపలేదు, ఆ మనిషి పళ్ళతో పాటు వచ్చింది, తీసేస్తేనే నేను చెయ్యి పెట్టినట్టు అని వాదించాను. ఇప్పటికీ పూర్తిగా నమ్మకంగా లేను, కానీ ఆ ఫోన్ సీనులో "సరే" వినబడ్డప్పుడు థియేటర్‌లో కూర్చున్న ముగ్గురం ఒకేసారి ఊపిరి బిగబట్టాం, కాబట్టి ఉంచేశాను.

చివరి రోజుల్లో ఒక సాయంత్రం టీ దగ్గర ఇద్దరు శకునుల గురించి మాట వచ్చింది. 'మాయాబజార్'లో సీఎస్సార్ శకుని, 'శ్రీకృష్ణపాండవీయం'లో ధూళిపాళ శకుని. ఒకే పాత్ర, మధ్యలో తొమ్మిదేళ్ళే తేడా. సీఎస్సార్ ఇచ్చకాలు చెబుతున్నట్టు తేలిగ్గా, నవ్వుతూ మాట్లాడతాడు, మనింటికి వచ్చి భోంచేసి వెళ్ళే మేనమామలా. ధూళిపాళ గొంతులో పగ కుదురుగా కూర్చుని ఉంటుంది, ప్రతి అక్షరం విడివిడిగా పడుతుంది. మా రేడియో ఆయన అన్నారు: "సీఎస్సార్ శకునిని ఇంట్లోకి రానిస్తాం బాబూ, ధూళిపాళ శకునిని వీధిలోనే గుర్తుపడతాం." రెండూ గొప్పవే. మా కొట్టు పెద్దాయన మొదటి రకం, మేం రెండో రకం గొంతు పెట్టాం. ఆయన ఒక్క వాక్యంలో చెప్పినదాన్ని నేను పై పేజీలన్నీ తిరిగి చెప్పానని తెలుసు.

కుదరనివి కూడా రాయాలి. ఏడో ఎపిసోడ్‌లో పోలీస్ స్టేషన్లో నాలుగు నిమిషాల ఒప్పుకోలు ఉంది, ఒరిజినల్‌లో ఏకధాటిగా. మా ఆయన ఊపిరికి అది కుదరలేదు, తొమ్మిది ముక్కలుగా తీసి అతికించాం. జాగ్రత్తగా వింటే అతుకులు తెలుస్తాయి, నాకు తెలుస్తాయి. ఎనిమిదో ఎపిసోడ్‌లో పడవల రేవు దగ్గర అరవాలి. మూడు టేకులు అరిచారు, మూడోసారికి గొంతు పగిలి దగ్గులోకి దిగింది. నేను భయపడి సెషన్ ఆపేసి మంచినీళ్ళిచ్చాను. రెండో టేక్ వాడాం, అందులో అరుపు సగంలో చీలిపోతుంది. ఒరిజినల్ కంటే అదే బాగుందని రైటర్ అంటాడు, నేను ఒప్పుకోను, అక్కడ ఒరిజినల్ నటుడి కోపం ముందు మాది జాలిగా ఉంది.

ఇంకో పొరపాటు పూర్తిగా నాది. ఒకటి, రెండు, మూడు ఎపిసోడ్లు పొద్దున పూట తీశాం. నాలుగోది ఆయన మనవరాలి స్కూల్ ఫంక్షన్ ఉందంటే మధ్యాహ్నం భోజనం అయ్యాక పెట్టాను. పొద్దున గొంతులో నిద్ర ఉంటుంది, కొంచెం బరువు, కొంచెం బురద. మధ్యాహ్నానికి తేలికవుతుంది. నాలుగో ఎపిసోడ్ మొదలవగానే పెద్దాయన హుషారుగా ఉన్నట్టు వినబడుతుంది, కథలో ఆ పొద్దునే అంత్యక్రియలు. మళ్ళీ తీయడానికి టైమ్ లేదు. వయసైన ఆర్టిస్టుతో చేస్తుంటే అన్ని సెషన్లూ ఒకే వేళకి పెట్టుకోండి, ఏం చెప్పినా ఒప్పుకోకండి.

సిరీస్ బయటికొచ్చి కొంత కాలమైంది. ఇప్పుడు రెండో సీజన్ వస్తోంది. అందులో పెద్దాయన ముప్పై ఏళ్ళ వయసులో ఉన్నప్పటి కథ ఉందట, వేరే నటుడు. సన్నగొంతు కుర్రాడిని వెతకమని క్లయింట్ మెయిల్ పెట్టారు, రెండు గొంతులూ కలవాలి కదా అని. ముప్పైలో ఆయన గొంతు సన్నగా ఎందుకుంటుంది, వయసుతో సన్నబడింది గానీ అని తిరిగి రాశాను, రాస్తుంటేనే ఒక మనిషి గుర్తొచ్చాడు. బరువు ఉండాలి, కాకపోతే వాక్యం చివర అచ్చుని ఇప్పటినుంచే కొంచెం కొంచెం మింగుతూ ఉండాలి, గుడిగంట మోగకూడదు. ఫోన్ చేశాను. "మళ్ళీ తీసేయవుగా?" అన్నాడు అన్న. ముందు వాయిస్ టెస్ట్‌కి రా అన్నా, సోమవారం పొద్దున, అన్నాను.